వాంపైర్ ప్రేమకథలు రాసేవారికి: ఆ రెండో మనిషి మాటా వినండి

వాంపైర్ ప్రేమకథలు రాస్తున్న రచయిత్రులకు, రచయితలకు నమస్కారం.

మీ కథల్లో ఇద్దరుంటారు. ఒకరికి చావు లేదు, ఒకరికి ఉంది. చావు లేనివాడి గురించి మాకు అంతా చెబుతారు. ఏ శతాబ్దంలో పుట్టాడు, ఎవరు కరిస్తే ఇలా అయ్యాడు, ఆకలేసినప్పుడు కళ్ళు ఏ రంగుకి తిరుగుతాయి, ఎండలో నిలబడితే ఏమవుతుంది... పేజీలకు పేజీలు. రెండో మనిషి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఆమె అందంగా ఉంటుంది, కాస్త ఒంటరిగా ఉంటుంది, ఆమె రక్తానికున్న వాసన లోకంలో మరెవరి రక్తానికీ లేదు. అక్కడితో సరి.

ఈ ఉత్తరం ఆ రెండో మనిషి తరఫున రాస్తున్నాను. ఆ మనిషి అమ్మాయే కానక్కర్లేదు, చాలా కథల్లో అమ్మాయే కాబట్టి ఆమె అంటున్నాను. నేనడిగేది ఒక్కటే. ఆమెకు అన్నీ తెలిసేలా చెయ్యండి, తెలిశాక కాదనగలిగేలా కూడా చెయ్యండి. అప్పుడు ఆమె సరే అంటే ఆ మాటకు విలువుంటుంది.

ఈ తరహా కథలంటే చాలామందికి చులకన. కాలక్షేపం అంటారు, పసితనం అంటారు. నేనొప్పుకోను. మామూలు ప్రేమకథలో అడ్డొచ్చేది డబ్బయినా, పెద్దవాళ్ళ పంతమైనా, దూరమైనా ఏదో ఒకరోజుకి తీరిపోవచ్చు. మీ కథలో అడ్డంగా నిలబడింది కాలం. దాన్ని బతిమాలలేం, దాని నుంచి లేచిపోలేం. ఒకరికి నలభై వస్తాయి, ఇంకొకరికి ఎప్పటికీ రావు. ప్రేమించినవాళ్ళు మనకంటే ముందు పోతారేమో అన్న భయం ప్రతి మనిషికీ ఉంటుంది. ఆ భయాన్ని ఇద్దరు మనుషులుగా చేసి ఎదురెదురుగా కూర్చోబెట్టడం ఇలాంటి కథకే సాధ్యం. ఇంత సరుకు చేతిలో ఉంచుకుని మెడమీది ముద్దు దగ్గరే ఖర్చు చేసేస్తుంటే బాధగా ఉంటుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

చావున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య ప్రేమ మనకు కొత్తేం కాదు. ఋగ్వేదం పదో మండలంలోని 95వ సూక్తం ఊర్వశీ పురూరవుల సంభాషణ. ఆమె అప్సరస, అతను మర్త్యుడు. శతపథ బ్రాహ్మణం ఆ కథను ఇంకాస్త వివరంగా చెబుతుంది. అతనితో కలిసి ఉండబోయే ముందు ఊర్వశి షరతులు పెడుతుంది. అందరికీ గుర్తుండేది, నువ్వు నగ్నంగా నా కంటపడకూడదు అన్న షరతు. గంధర్వులు పన్నాగం పన్ని, మెరుపు మెరిపించి, ఆ షరతునే తప్పిస్తారు. కానీ దాని పక్కనే ఇంకోటుంది: నాకు ఇష్టం లేనప్పుడు నా దగ్గరికి రాకూడదు. అంత పాత గ్రంథంలో, ప్రేమ మొదలవకముందే, ఆ మాట పైకి చెప్పి ఒప్పించుకున్నారు. ఆ కథలో బలం దేవకన్యది, నష్టపోయేది మనిషి. అయినా ఎందులోకి అడుగుపెడుతున్నాడో అతనికి ముందే తెలుసు. మీ వాంపైర్లలో ఎంతమంది తమ షరతుల్ని మొదటి రాత్రికి ముందు చెబుతున్నారో ఒకసారి మీరే చూసుకోండి.

ఈ పద్ధతిలో వచ్చిన పాత కథల్లో నాకు అన్నిటికన్నా దగ్గరైంది ఫ్రెంచి రచయిత తెయోఫిల్ గోతియే 1836లో రాసిన పెద్దకథ. అందులో రోమువాల్డ్ అనే యువకుడు మతగురువుగా దీక్ష తీసుకునే రోజునే క్లారిమోండ్ అనే వేశ్యను చూసి మనసు పారేసుకుంటాడు. ఆమె చనిపోతుంది. చనిపోయాక అతని దగ్గరికి వస్తుంది. పగలు పల్లెటూరి మతగురువు, రాత్రి వెనిస్‌లో ఆమెతో విలాస జీవితం. ఏది కలో ఏది నిజమో అతనికే తెలియదు. కొన్నాళ్ళకు ఆమె నీరసించి, పాలిపోయి, మంచం పడుతుంది. ఒకరోజు అతను ఆమె మంచం పక్కన కూర్చుని పండు కోస్తుంటే కత్తి జారి వేలు తెగుతుంది. ఆమె ఒక్క ఉదుటున మంచం దిగి ఆ వేలిని నోట్లో పెట్టుకుంటుంది. కాసేపటికే బుగ్గల్లోకి రంగు వస్తుంది.

ఆ తర్వాతి ఘట్టాన్ని ఈ తరహా కథలు రాసే ప్రతివాళ్ళూ ఒకసారి నెమ్మదిగా చదవాలి. భోజనమయ్యాక అతను తాగే మద్యంలో ఆమె ఏదో పొడి కలపడం అద్దంలో కనిపిస్తుంది. అతను తాగినట్టు నటించి, పడుకుని, నిద్ర నటిస్తాడు. ఆమె వచ్చి అతని చెయ్యి బయటికి తీసి, జడలోంచి బంగారు సూది లాగుతుంది. గుచ్చడానికి మనసొప్పక ఏడుస్తుంది. కన్నీటి చుక్క అతని చేతిమీద పడుతుంది. చివరికి గుచ్చి నాలుగు చుక్కలు తాగి, అంతకన్నా ఎక్కువ తీసుకుంటే అతనికి ప్రమాదమని భయపడి ఆపేస్తుంది. గాయానికి మందు రాసి కట్టు కడుతుంది. అతనికి అంతా తెలిసింది. అయినా ఆమె మీద కోపం రాదు. అడిగి ఉంటే నా చెయ్యి నేనే కోసి ఇచ్చేవాణ్ణి కదా అనుకుంటాడు. ఆ తర్వాత ఆ మత్తుమందు గురించి గానీ, సూది గురించి గానీ ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోరు.

దాదాపు రెండువందల ఏళ్ళ కిందట రాసిన ఈ రెండు పేజీల్లో మీ కథలకు కావలసినదంతా ఉంది. ఎంత తాగాలో లెక్క చూసుకునే ప్రేమ ఉంది. అడగకుండా మత్తు పెట్టే దొంగతనమూ ఉంది. గోతియే రెండిటినీ ఒకే గదిలో ఉంచాడు, దొంగతనాన్ని ప్రేమ అని పిలవలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి అని అతను అనుకుంటున్నాడంటే ఆమె అడగలేదనే కదా. కథ చివర వాళ్ళకు పట్టిన గతికి ఆ అడగకపోవడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. వాళ్ళిద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే, ముసలి మతగురువు సెరాపియోన్ గునపంతో క్లారిమోండ్ సమాధి తవ్వినప్పుడు రోమువాల్డ్ ఏదో ఒకటి అనేవాడు, అడ్డుపడేవాడు. ఏమీ అనకుండా చూస్తూ నిలబడ్డాడు.

అడగడం అన్నది కథను ఎంత మార్చేస్తుందో చూడాలంటే ఇంకో ఉదాహరణ ఉంది. బ్రామ్ స్టోకర్ 1897 నాటి 'డ్రాకులా' నవలలో వాంపైర్ కౌంట్ డ్రాకులాకీ, పెళ్ళయిన మీనాకీ మధ్య ప్రేమ అనేదే లేదు. అతను ఆమె పడకగదిలోకి వస్తాడు. భర్త పక్కనే సొమ్మసిల్లి ఉంటాడు. తన ఛాతీమీద చీల్చిన గాయానికి ఆమె ముఖాన్ని అదిమిపెట్టి బలవంతంగా తన రక్తం తాగిస్తాడు. ఆమె ఆ తర్వాత నేను మైలపడిపోయానని ఏడుస్తుంది. 1992లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన సినిమాలో అదే గది, అదే గాయం, అదే రక్తం. కానీ అక్కడ అతనే వద్దని వెనక్కి తగ్గుతాడు, ఆమే కావాలని ముందుకొస్తుంది. ఆ ఒక్క మార్పుతో అత్యాచారం కాస్తా ప్రేమ ఘట్టం అయిపోయింది. ఆ సినిమా మీద నాకు వేరే ఫిర్యాదు ఉంది, కిందికి వస్తాను. ఇక్కడ మాత్రం అది చేసిన పని చాలా శుభ్రంగా చేసింది. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నదే ఈ కథల్లో అసలు మలుపు. మిగతా కోరలూ కోటలూ దాని తర్వాతే.

ఇక కిటికీ విషయం. అమ్మాయి నిద్రపోతుంటే గదిలోకి వచ్చి తెల్లవార్లూ ఆమెను చూస్తూ నిలబడే వాంపైర్ ఇప్పుడు ఎన్ని కథల్లో ఉన్నాడో లెక్కలేదు. 2005లో వచ్చిన 'ట్విలైట్' నవల దాన్ని అందరికీ అలవాటు చేసింది. అందులో వాంపైర్ ఎడ్వర్డ్, తాను ప్రేమించే బెల్లాకు తెలియకుండా ఆమె గదిలోకి వస్తుంటాడు. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమెకు కోపం కన్నా ముందు సంతోషమే వేస్తుంది. ఆ వరుసలో 2007లో వచ్చిన మూడో పుస్తకంలో ఆమె తన స్నేహితుడి దగ్గరికి వెళ్ళకుండా ఆమె బండి ఇంజిన్లోంచి ఒక భాగం తీసేస్తాడు. ఆ పుస్తకాలు కోట్లమంది చదివారు, అందులో నేనూ ఉన్నాను, ఇష్టపడే చదివాను. వాటిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ తర్వాత వచ్చిన వందల కథలు ఆ కిటికీని మాత్రం పట్టుకుని, ఆ నవల అడిగిన ప్రశ్నల్ని వదిలేశాయని నా బాధ.

మీ వాంపైర్‌ని మంచివాడిగా మార్చమని నేను అనను. భయపెట్టండి. కిటికీలోంచి రానివ్వండి కూడా. కానీ తెల్లారి ఆమెకు ఆ సంగతి తెలిసినప్పుడు ఒక మనిషికి కలిగే వణుకు కలగనివ్వండి. నా గదిలోకి ఎందుకొచ్చావు అని అడగనివ్వండి. అతను తలుపు దగ్గర నిలబడి సమాధానం వెతుక్కోవాల్సి రావాలి. పిలవనిదే గడప దాటలేడు అన్న పాత నియమం ఈ కథల్లో ఉంది కదా, స్టోకర్ నవలలోనూ ఉంది. ప్రేమకథ రాసేవాళ్ళకు ఇంతకన్నా గొప్ప నియమం ఎవరివ్వగలరు? లోపలికి రా అన్న మాట ఆమె నోటివెంట రావాలి. రమ్మనడానికి ఆమెకు ఎన్ని రోజులు పట్టిందో, ఏ రోజు ఏం చూసి మనసు మారిందో రాస్తే అదే ఒక నవల. చాలామంది ఆ నియమాన్ని మర్చిపోయారు, లేదా మొదటి అధ్యాయంలోనే దాటేస్తున్నారు.

దీని పక్కనే సమ్మోహనం. కళ్ళలోకి చూసి మనసు లాగేసుకోవడం. యుద్ధం ఘట్టాల్లో వాడుకోండి, పారిపోయే ఘట్టాల్లో వాడుకోండి. ప్రేమించే మనిషి మీద మాత్రం వాడితే, ఆ తర్వాత ఆమె అనే ఏ మాటా ఆమెది కాదు. ఛార్లేన్ హారిస్ ఈ చిక్కును ఎంత తెలివిగా విప్పారో చూడండి. 2001లో వచ్చిన ఆమె నవల 'డెడ్ అన్‌టిల్ డార్క్'లో సూకీ అనే అమ్మాయికి అందరి మనసుల్లో మాటలూ వినిపిస్తాయి. ఎవరితో చనువుగా ఉందామన్నా వాళ్ళ ఆలోచనల రొద భరించలేదు. వాంపైర్ మనసులోంచి ఆమెకు ఏమీ వినిపించదు. బిల్ అనే వాంపైర్ పక్కన కూర్చుంటే మొదటిసారి తలలో నిశ్శబ్దం. పైగా అతని సమ్మోహనం ఆమె మీద పనిచేయదు. ఈ మనిషి ఈ వాంపైర్‌నే ఎందుకు ప్రేమించింది అన్నదానికి అంతకన్నా మంచి కారణం నేను చదవలేదు. ఇంకో మాట కూడా. ఆ కథలో మొదట కాపాడేది ఆమే. వాంపైర్ రక్తాన్ని అమ్ముకోవడానికి అతన్ని కట్టేసి రక్తం తోడుకుంటున్న ఇద్దరి మీదికి గొలుసు పట్టుకుని వెళుతుంది. అతనికి ఆమె అవసరం పడింది, ఆమె రక్తం కోసం కాకుండా ఆమె ధైర్యం కోసం. మీ కథలో మీ అమ్మాయి చేసే మొదటి పని ఏమిటి? పడిపోవడమా, వర్షంలో దారితప్పడమా?

పైన ఫిర్యాదు అన్నాను కదా, అది పునర్జన్మ. వందల ఏళ్ళ కిందట చనిపోయిన భార్య మళ్ళీ పుట్టిందని హీరోయిన్ వెంట పడే వాంపైర్ స్టోకర్ నవలలో లేడు. 1967లో అమెరికా టీవీ సీరియల్ 'డార్క్ షాడోస్'లో వాంపైర్ బర్నబాస్ కాలిన్స్, తాను ప్రేమించి పోగొట్టుకున్న జోసెట్ పోలికలున్న అమ్మాయిని ఎత్తుకెళ్ళి జోసెట్‌గా మార్చాలని చూశాడు. అక్కడ అది భయంకరంగా ఉండాల్సినంత భయంకరంగానే ఉంది. 1992 సినిమాకు వచ్చేసరికి అదే పోలిక పెద్ద ప్రేమైపోయింది. జన్మజన్మల బంధం అంటే మనకు ఎంత మోజో నాకు తెలుసు. కానీ ఆ అమ్మాయి వైపు నుంచి ఒక్కసారి చూడండి. తనను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్న మనిషి నిజానికి తనను చూడటం లేదు. తన ముఖంలో ఇంకెవరినో చూస్తున్నాడు. అతను ప్రేమగా పిలిచే పేరు తనది కాదు. ఏ అమ్మాయికైనా అది అవమానం. పునర్జన్మ పెట్టాలనిపిస్తే, నేను ఆమెను కాను అని ఒక్క ఘట్టంలోనైనా ఆమె చేత అనిపించండి. ఆ మాటకు అతని దగ్గర జవాబు ఉందో లేదో అక్కడ తేలాలి.

వయసు గురించి ఎక్కువ చెప్పను. ఎడ్వర్డ్ 1901లో పుట్టి, 1918 ఫ్లూ మహమ్మారిలో చావు దగ్గర పడ్డప్పుడు మారాడు. బెల్లాకు పదిహేడు. ఆ లెక్క ఎంతో మంది అనుకరించారు. నా మనవి, మీ మనిషి పెద్దదై ఉండాలి. ఇరవై అయిదో, ముప్పయ్యో దాటినదై, ఒక ఉద్యోగం, ఒక విరిగిన ప్రేమ, ఒక పట్టుదల ఉన్నదై ఉండాలి. చిన్నపిల్లను నూరేళ్ళవాడి చేతుల్లో పెట్టి దాన్ని ప్రేమ అనకండి. అలాగే నూరేళ్ళు బతికినవాడు నూరేళ్ళు బతికినట్టు ఉండాలి. ఎంతమందిని సాగనంపాడు, ఏ భాష మర్చిపోయాడు, ఇంతకుముందు ప్రేమించిన మనుషులు ఏమయ్యారు? ఈ ప్రశ్నలు ఆమె అడగాలి. ముఖ్యంగా ఆ చివరిది. నాకు ముందు ఎంతమంది, వాళ్ళు ఎలా పోయారు అని అడగని మనిషి నాకు నమ్మశక్యంగా ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆమె కూడా వాంపైర్‌గా మారిపోవడం. చాలా కథలు దీన్ని బహుమానంలా ఇచ్చి ముగిస్తున్నాయి. కరిచాడు, మూడు రోజులు నొప్పి, కళ్ళు తెరిచింది, ఇంకా అందంగా ఉంది, శుభం. చావు అనే అడ్డును తీసేస్తే అంతవరకూ మీరు కట్టిన కథంతా దేనిమీద నిలబడుతుంది?

ముందు తరం రచయితలు ఈ మార్పుకు ఎంత ధర కట్టారో చూడండి. ఆన్ రైస్ 1976 నవల 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్'లో క్లాడియా అనే పిల్లను అయిదేళ్ళ వయసులో వాంపైర్‌గా మార్చేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె మనసు పెద్దదవుతుంది, పెద్ద స్త్రీలా ఆలోచిస్తుంది, శరీరం మాత్రం అయిదేళ్ళ బొమ్మలాగే ఉండిపోతుంది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆ నవలలో నన్ను వెంటాడేది ఆమె కోపమే. చెల్సీ క్విన్ యార్‌బ్రో 1978లో మొదలుపెట్టిన సెయింట్ జెర్మేన్ అనే వాంపైర్ పుస్తకాల్లో ఇంకో చిత్రమైన నియమం ఉంది. అతని ప్రేయసి వాంపైర్ అయిపోతే ఇక వాళ్ళిద్దరూ ప్రేయసీ ప్రియులుగా ఉండలేరు. అతనికి కావలసింది బతికున్న మనిషి. అంటే ఆమె అమరత్వం ఎంచుకుంటే ప్రేమ పోతుంది, ప్రేమ ఎంచుకుంటే ప్రాణం పోతుంది. ఎటు చూసినా నష్టమే. ఈ ఒక్క నియమం ఎన్ని పుస్తకాలను నిలబెట్టిందో! ఆక్టేవియా బట్లర్ చివరి నవల 'ఫ్లెడ్జ్‌లింగ్' (2005)లో మనుషులు మారరు, కానీ తమ రక్తం తాగే వాంపైర్ జాతివాళ్ళ లాలాజలానికి అలవాటు పడిపోతారు. ఆయుష్షు పెరుగుతుంది, ఆరోగ్యం వస్తుంది, విడిచి వెళ్ళడం మాత్రం కష్టమైపోతుంది. సుఖంగా ఉన్నాను, కానీ ఇది నేను కోరుకున్న సుఖమేనా అన్న అనుమానం ఆ మనుషుల్లో మిగిలే ఉంటుంది. బట్లర్ ఆ అనుమానాన్ని తుడిచెయ్యలేదు.

'ట్విలైట్' విషయంలో న్యాయంగా ఒక మాట చెప్పాలి. మార్చమని అడిగింది బెల్లానే. ఆమె ఆత్మ ఏమవుతుందోనని అతను పుస్తకాలకు పుస్తకాలు వద్దంటూ వచ్చాడు. ఆ వాదన నాకు నచ్చింది. కానీ 2008లో వచ్చిన నాలుగో పుస్తకంలో ఆమె మారాక పోగొట్టుకున్నదేమిటి? కొత్తగా మారినవాళ్ళకు ఉండాల్సిన దాహం ఆమెకు మొదటి రోజునుంచే అదుపులో ఉంది. తండ్రి వచ్చిపోతూనే ఉన్నాడు. బిడ్డ ఉంది. ముందు పుస్తకాల్లో భయపెట్టిన ధర ఏదీ చివరికి కట్టాల్సి రాలేదు. అన్ని పేజీలు అంతగా వాదించుకున్న ఇద్దరికీ అది అన్యాయం అనిపించింది నాకు.

మీ అమ్మాయి మారాలనుకుంటే మారనివ్వండి. ముందు ఆమెను ఒక రాత్రంతా కూర్చోబెట్టి లెక్క చూసుకోనివ్వండి. ఆమెకు ఒక చెల్లెలు ఉందనుకోండి. ఇంకో పదేళ్ళకు ఆ చెల్లెలు ఈమెకన్నా పెద్దగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళకు చెల్లెలి కూతురు ఈమె వయసుకు వస్తుంది. అప్పటికి ఈమె ఆ ఇంటికి వెళ్ళడం మానేసి ఉండాలి, ఎందుకంటే ముఖం ఎందుకు మారలేదో చెప్పలేదు. అమ్మ పోయిన కబురు పగలు వస్తే చీకటి పడేదాకా కదలలేదు. వెళ్ళినా లోపలికి పిలిచేవాళ్ళు ఉండాలి. చెల్లెలికి ఫోన్ చెయ్యడానికి నంబర్ నొక్కి, ఏ గొంతుతో మాట్లాడాలో తెలియక పెట్టేసే ఘట్టం ఒక్కటి రాయండి. అంతా చూసుకున్నాక కూడా ఆమె నాకు ఇదే కావాలి అంటే, నేను లేచి నిలబడి ఒప్పుకుంటాను. ఆ మాట అనడానికి ఆమె ఏం ఇచ్చిందో నాకు తెలిసింది కాబట్టి.

ఆమె మనిషిగానే ఉండిపోతానన్నా అంతే గౌరవం ఇవ్వండి. సూకీ కథ 2013లో పదమూడో పుస్తకంతో ముగిసినప్పుడు ఆమె వాంపైర్ కాలేదు, ఏ వాంపైర్‌తోనూ మిగలలేదు. చాలామంది పాఠకులు కోప్పడ్డారు. నాకు మాత్రం ఆ అమ్మాయి పగటి వెలుగును ఎంత ఇష్టపడుతుందో మొదటి పుస్తకం నుంచీ గుర్తుంది. ఎండలో పడుకోవడం ఆమెకున్న చిన్న సంతోషాల్లో ఒకటి. అలాంటి మనిషి చీకటిని ఎంచుకోకపోవడం రచయిత్రి ఆమెను మర్చిపోలేదనడానికి సాక్ష్యం.

ఇంకో దారి ఉంది, దాన్ని మీలో దాదాపు ఎవరూ తొక్కడం లేదు. ఆమె మారదు, అతన్ని వదలదు. ఇద్దరూ కలిసి ఉంటారు, ఆమె పెద్దదవుతుంది. నలభై అయిదో ఏట చదవడానికి కళ్ళజోడు వస్తుంది. బయటికెళ్తే తమ్ముడా అని అడుగుతారు, ఇంకొన్నాళ్ళకు కొడుకా అని అడుగుతారు. ఆ మాటకు ఎవరు నవ్వుతారు, ఎవరు తల దించుకుంటారు? రాత్రిళ్ళు మేలుకుని ఉండే ఓపిక ఆమెకు తగ్గుతుంది. అతనికి రాత్రే జీవితం. మోకాలి నొప్పికి ఆమె లేచి నడుస్తుంటే అతను పక్కన నడుస్తాడా? ఆమె రక్తం వాసన మందుల వల్ల మారిపోతే అతనికి తెలుస్తుందా, తెలిసినా చెబుతాడా? డాక్టర్ కన్నా ముందే జబ్బు పసిగట్టగలిగిన మనిషి పక్కన బతకడం వరమా, శిక్షా? చివరి రోజుల్లో, ఇప్పటికైనా సరే అను, మార్చేస్తాను అని అతను బతిమాలితే ఆమె ఏమంటుంది? డెబ్భై ఏళ్ళ శరీరంతో శాశ్వతంగా ఉండడం ఆమెకు ఇష్టమేనా? ఇన్ని ప్రశ్నలున్న ప్రేమకథ ఎదురుగా పెట్టుకుని మనం ఇంకా పదిహేడేళ్ళ అమ్మాయి మెడ దగ్గరే తిరుగుతున్నాం. పెళ్ళయి పాతికేళ్ళయిన పాఠకులు కూడా ఈ కథలు చదువుతారని మర్చిపోకండి. వాళ్ళకు ఇందులో తమ సంగతి కనిపిస్తుంది.

కథను ఎవరి గొంతుతో చెబుతున్నారన్నది కూడా ఆలోచించండి. ఐర్లాండ్ రచయిత షెరిడన్ ల ఫాను 1872లో పుస్తకంగా తెచ్చిన 'కార్మిలా'ను మొత్తం లారా చెబుతుంది, అంటే చావున్న అమ్మాయే. వాంపైర్ అయిన కార్మిలా అంటే తనకు ఆరాధన, ఏవగింపు రెండూ ఒకేసారి కలిగేవని దాచకుండా ఒప్పుకుంటుంది. ఆ రెండూ పక్కపక్కన ఉండబట్టే ఆ చిన్న నవల ఇంకా బతికుంది. ఇప్పటి కథల్లో చాలాచోట్ల ఏవగింపును తీసేసి ఆరాధన మాత్రం ఉంచేశారు. తనను తాగేవాణ్ణి ప్రేమిస్తున్న మనిషికి ఒక్కోసారి ఒళ్ళు జలదరించకపోతే ఆ ప్రేమను నేను నమ్మలేను.

ఈ పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకు, సంపాదకులకు కూడా ఒక విన్నపం. బలవంతం ఉన్న కథను అట్టమీద ప్రేమకథ అని వేయకండి. భయానక కథ అనండి, చీకటి కథ అనండి, మేం కొనుక్కుని చదువుతాం. చిన్నవయసు పాఠకుల చేతుల్లోకి వెళ్ళే పుస్తకమైతే ఇంకా జాగ్రత్త. అలాగే రచయిత కథను ముగించాలనుకుంటే ముగించనివ్వండి. హీరోకి చావు లేదు కాబట్టి కథకూ ముగింపు అక్కర్లేదనుకుని భాగాలు పెంచుకుంటూ పోతే, నాలుగో భాగానికి ఆ అమ్మాయి పేరు తప్ప ఏమీ మిగలడం లేదు.

కొత్తగా రాస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు రాస్తున్న కథలో మొదటి కాటు ఘట్టాన్ని తెరిచి చూడండి. దానికి ముందు ఆమె అతన్ని ఏ ఏ ప్రశ్నలు అడిగిందో వెతకండి. ఒక్కటీ కనిపించకపోతే ఆ ఘట్టాన్ని పక్కన పెట్టి, వాళ్ళిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి. ఎంత తాగుతావు, నొప్పి ఉంటుందా, నేను ఆపమంటే ఆపగలవా, ఆపలేకపోతే నేనేం చెయ్యాలి, ఇంతకుముందు ఆపలేకపోయిన సందర్భం ఉందా? ఆమె ఒక్కొక్కటే అడగాలి. అతను అబద్ధం చెప్పినా పర్లేదు, అబద్ధమని మాకు తెలిస్తే చాలు. ఆ సంభాషణ రాశాక కాటు ఘట్టం మళ్ళీ రాయండి. ఆ కథ ఎక్కడ అచ్చయినా వెతుక్కుని చదువుతాను.

ఇట్లు,
మీ కథల కోసం ఎదురుచూసే ఒక పాఠకురాలు